వెనక ఇరుసులో మూలుగు

ఆవకాయకి ఆవపిండి పాళ్ళు, పట్టుచీర మీద నూనె మరక పోగొట్టే విధానం ఈ పేజీల్లోనే చదివి నేర్చుకున్నదాన్ని నేను. అందుకని జీపు పళ్ళచక్రాల గురించి రాస్తూంటే "ఇదేం చోద్యం, మనకెందుకీ గోల?" అని పేజీ తిప్పెయ్యకండి. మిక్సీ అరిగితే, మోటారు మూలిగితే ముందుగా వినేది మనమే కదా! ఆ చెవి బండి దగ్గర మాత్రం పనికిరాకుండా ఎందుకు పోతుంది?

మాది నర్సీపట్నం. మావారు సొంత జీపు తోలుతారు. మా వైపు ఏడెనిమిది మంది పట్టే బండి ఏదైనా సరే, అది జీపే. 1994లో టాటా సుమో వచ్చింది, 2000లో బొలెరో, క్వాలిస్ వచ్చాయి. పేర్లు మారాయి గానీ మా నోట జీపన్న మాట పోలేదు. మాది 2009 మోడలు. మామూలు రోజుల్లో టీచర్లనీ, ఆస్పత్రి ఉద్యోగుల్నీ చింతపల్లి వైపు దింపి తీసుకొస్తుంది. చలికాలం వస్తే లంబసింగి మంచు చూడ్డానికి వచ్చేవాళ్ళని తెల్లవారుజామున ఘాట్ ఎక్కిస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా వచ్చే ఆ నాలుగు రాళ్ళతోనే మా అమ్మాయి పాలిటెక్నిక్ ఫీజులూ, మా అత్తగారి మందులూ, ఏడాది సరిపడా బియ్యమూ గడవాలి.

2023 నవంబరు మొదట్లో ఒక పెళ్ళికి అందరం అదే బండిలో వెళ్ళాం. నేను వెనక సీట్లో కూర్చున్నాను. వేగం యాభై దాటగానే కాళ్ళ కింద నుంచి సన్నగా "ఊఁ..." అని ఒక మూలుగు మొదలైంది. పప్పు తక్కువై రాయి రాయికి రాసుకుంటున్న గ్రైండరు గుర్తొచ్చింది నాకు. మావారితో అంటే "టైర్ల చప్పుడులే" అన్నారు.

టైర్ల చప్పుడైతే రోడ్డు మారినప్పుడు మారాలి కదా! నున్నటి తారు మీదా, గతుకుల మీదా ఇది ఒకేలా ఉంది. ఆయన యాక్సిలరేటరు మీద కాలు తీసినప్పుడు మాత్రం స్వరం మారి, మళ్ళీ నొక్కగానే మొదటికొచ్చింది. నేనదే చెప్పాను. మర్నాడు ఆయనే వెనక సీట్లో కూర్చుని, తమ్ముడి చేత తోలించి విన్నారు. దిగాక ఏమీ అనలేదు. తిన్నగా పెద్ద షెడ్డుకి తీసుకెళ్ళారు.

ఆ షెడ్డులో "డిఫరెన్షియల్ పోయింది, హౌసింగుతో సహా మొత్తం మార్చాలి, డెబ్భై వేలవుతుంది" అన్నారు. పాత బండ్లు కొనే ఆయనొకరు ఆ మాట చెవిన పడగానే వచ్చి బేరం మొదలెట్టాడు. డెబ్భై వేలు మా దగ్గర లేవు. బండి అమ్మేస్తే సీజను లేదు. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మూడోరోజు పొద్దున్న మా పాత మేస్త్రీగారు వచ్చారు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, షెడ్డు ఎత్తేసి చాలా కాలమైంది. బండి కింద చెయ్యి పెట్టి, వెనక చక్రాన్ని అటూ ఇటూ ఆడించి చూసి, "హౌసింగుకేటీ కాలేదమ్మా. పళ్ళు అరిగిపోనాయి. క్రౌనూ పినియనూ మారిస్తే సరి. మీ వాకిట్లోనే చేద్దాం" అన్నారు.

అసలీ డిఫరెన్షియల్ ఏం చేస్తుందో నాకు మా అమ్మాయి చెప్పింది. అది డిప్లొమా మెకానికల్ రెండో ఏడు చదువుతోంది. అరకు వైపు ధింసా ఆడటం మీరు చూసే ఉంటారు. ఆడవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా తిరుగుతారు. ఆ వరస వంపు తిరిగేటప్పుడు లోపలి చివరున్నామె దాదాపు నిలబడ్డచోటే అడుగులేస్తుంది. బయటి చివరున్నామె పెద్ద పెద్ద అంగలు వెయ్యాలి. బండి మలుపు తిరిగినా అంతే. లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటి చక్రం ఎక్కువ తిరగాలి. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు, ఇరుసు మీద దేని చక్రం దానిదే. ఇంజను బలంతో రెండు చక్రాలూ తిరిగే బండికి మాత్రం ఈ సర్దుబాటు చేసేందుకు ఒక యంత్రం కావాలి. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో పెకర్ అనే గడియారాల పనివాడు ఇలాంటి అమరికకి పేటెంటు తీసుకున్నాడట. వెనక ఇరుసు నడుమ గుమ్మడికాయలా ఉబ్బెత్తుగా కనిపించేది దాని ఇల్లే.

ఆ గుమ్మడికాయలో రెండు ముఖ్యమైన చక్రాలుంటాయి. ఇంజను నుంచి పొడుగ్గా వచ్చే షాఫ్టు చివర చిన్నది పినియన్. దానికి అడ్డంగా పళ్ళెమంత పెద్దది క్రౌన్. మా బండి పినియన్‌కి 10 పళ్ళు, క్రౌన్‌కి 41. అంటే షాఫ్టు నాలుగుసార్లకి పైచిలుకు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. 40 పెట్టకుండా 41 ఎందుకు పెట్టారని అడిగాను. 40 అయితే ఎప్పుడూ అవే పళ్ళు ఒకదానికొకటి తగులుతాయట. 41 కాబట్టి ప్రతి పన్నూ వంతులవారీగా అన్నిటినీ కలుస్తుంది, అరుగుదల అందరికీ సమానంగా పంచుకుంటుంది.

సిమెంటు చప్టా కడిగి, బండి నిలిపారు. ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు తన్నారు. వెనక జాకీతో ఎత్తి, ఇరుసు కింద రెండు ఇనప స్టాండ్లు పెట్టారు. "జాకీ ఒక్కదాన్నీ నమ్మి బండి కిందకి దూరకూడదు" అన్నది మేస్త్రీగారు పెట్టిన మొదటి షరతు. స్టాండ్లు పెట్టాక కూడా బండిని గట్టిగా ఊపి చూసిన తర్వాతే లోపలికి వెళ్ళారు.

కింద ప్లగ్గు విప్పగానే నూనె పడింది. డిఫరెన్షియల్‌లో పోసేది నైంటీ ఆయిల్, కొత్తదైతే తేనెలా ఉంటుంది. మాది కాటుకలా ఉంది, ఎండలో చూస్తే అందులో వెండి పొడిలా తళతళలు. అదంతా అరిగిన ఇనుమే. రెండు లీటర్లు ఉండాల్సిన చోట లీటరు కూడా లేదు. మిగిలింది ఎక్కడికి పోయింది?

ఇరుసు పైభాగంలో చిన్న గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. లోపల నూనె వేడెక్కి గాలి ఉబ్బితే దాని గుండా బయటికి పోవాలి. వాగులూ బురదా దాటీ దాటీ అది మట్టితో పూడిపోయింది. కుక్కరు విజిల్లో మెతుకు అడ్డం పడితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? ఆవిరి గ్యాస్కెట్టు పక్కనుంచి తన్నుకొస్తుంది. ఇక్కడా అంతే. గాలి పోయే దారి లేక సీళ్ళ సందుల్లోంచి నూనె చుక్క చుక్కగా కారిపోయింది. నూనె తగ్గి పళ్ళు ఒరుసుకున్నాయి. పది నిమిషాల్లో శుభ్రమయ్యే గొట్టం వల్ల ఇంత ముప్పు!

విప్పిన ప్రతి సామానూ నా చేతికొచ్చింది. ఆవకాయ జాడీలకి ఏ ఏడాదిదో చీటీ కట్టినట్టు ఒక్కొక్కదానికీ కట్టాను. బేరింగులని పట్టి ఉంచే టోపీలు రెండుంటాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఎడమది కుడికి పనికిరాదు, తలకిందులుగానూ పెట్టకూడదు. పొడుగు షాఫ్టు విప్పేముందు కూడా సుద్దతో గీత గీశారు, మళ్ళీ అదే గీతకి కలపాలి. బోల్టులు పాత స్టీలు పళ్ళాల్లో వరసగా పెట్టాం. మా అత్తగారు మొదట "ఆడగుంట బండి కింద దూరడం ఏటే?" అని గొణిగారు. మధ్యాహ్నానికి ఆవిడే తన పాత నూలుచీర చింపి, నూనె తుడవడానికి గుడ్డలు తెచ్చిచ్చారు.

క్రౌన్ బయటికి తీసి కడిగితే పళ్ళ మీద గుంటలు, అంచులు కత్తివాదరలా పదును. పినియన్‌కి రెండు పళ్ళ మూలలు విరిగి ఉన్నాయి. "పాడైంది పినియనే కదా, అదొక్కటీ కొందామా?" అన్నారు మావారు. కుదరదన్నారు మేస్త్రీగారు. ఆ రెండు చక్రాలనీ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి కలిపి ఒరిపిడి పెడతారు. ఆ జోడీకి గుర్తుగా రెండిటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. "ఒకరి మొగుణ్ణి తెచ్చి ఇంకొకరికి కట్టబెడితే కాపరం సాగుద్దేటి?" అన్నారాయన నవ్వుతూ. మావారూ అమ్మాయీ విశాఖపట్నం వెళ్ళి, డబ్బా విప్పించి, రెండు నంబర్లూ కలిశాకే డబ్బిచ్చారు. బేరింగులూ సీళ్ళూ కూడా కొత్తవే తెచ్చారు. అరిగిన బేరింగు మీద కొత్త పళ్ళు కూర్చోబెడితే ఆ ఖర్చంతా వృథా.

విప్పడానికి ఒక పూట పట్టింది. అసలు పని బిగించడంలో ఉంది. రెండు చక్రాల పళ్ళ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. మరీ బిగువైతే వేడెక్కి మాడతాయి, వదులైతే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మా బండికి ఆ సందు 15 నుంచి 20 వరకు ఉండాలన్నారు. మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే అందులో 15 ముక్కలన్న మాట! దాన్ని కొలిచేది డయల్ గేజి, చిన్న గడియారంలా ఉంటుంది. మేస్త్రీగారు చెక్కపెట్టెలోంచి తన గేజి తీసి బిగించి, కళ్ళు చికిలించారు. దూరంగా పెట్టారు, దగ్గరగా పెట్టారు. కాసేపటికి దాన్ని మా అమ్మాయి చేతికిచ్చి, "ముల్లు ఎక్కడుందో నువ్వు చెప్పు తల్లీ" అన్నారు.

అక్కణ్ణుంచి ఆయన చెయ్యి, అమ్మాయి కన్ను. మొదట 32 వచ్చింది. పక్కల వేసే షిమ్ములనే పల్చటి రేకులు మార్చి మార్చి చూశాక 18కి దిగింది. మేమంతా చప్పట్లు కొట్టాం. మేస్త్రీగారు కొట్టలేదు. పళ్ళకి పసుప్పచ్చ పేస్టు రాసి చక్రం తిప్పమన్నారు. పన్నూ పన్నూ తగిలిన చోట పేస్టు చెరిగి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పంటి నడుమ పడాలి. మాకు పంటి కొనకి దగ్గరగా పడింది. అంటే పినియన్ ఇంకాస్త లోపలికి రావాలి. దాని వెనక రేకు మందం మార్చాలి. అంటే మళ్ళీ మొత్తం విప్పాలి.

అప్పుడు శుక్రవారం సాయంత్రం ఆరయింది. తెల్లవారుజామున మూడింటికి లంబసింగి బేరం ఉంది. రాజమండ్రి నుంచి వచ్చిన కుటుంబం, మూడు వేలు అడ్వాన్సు ఇచ్చారు.

"సందు సరిగ్గానే వచ్చింది కదా, ఇప్పటికి బిగించేద్దాం. ఈ ట్రిప్పు అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నారు మావారు.

"మచ్చ సరిగ్గా లేదు నాన్నా, మూత పెట్టొద్దు" అంది అమ్మాయి.

"నీ చదువు నువ్వు చదివావు గానీ, సీజను పోతే ఫీజెవరు కడతారే?"

అది మాట్లాడలేదు. చేతిలో పానా మాత్రం కింద పెట్టలేదు. నేను మేస్త్రీగారి వైపు తిరిగి, "బాబాయ్, ఇలాగే బిగిస్తే ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగాను.

"ఆర్నెల్లు రావచ్చు. రేపు ఘాట్ లోనే పన్ను ఊడొచ్చు. ఊడిన ముక్క మధ్యలో ఇరుక్కుంటే వెనక చక్రాలు పట్టేస్తాయమ్మా."

లంబసింగి ఘాట్ నేనెరుగుదును. మంచులో పది అడుగుల దూరం కనబడదు. ఆ మలుపుల్లో చక్రాలు పట్టేస్తే బండిలో ఉండేది మావారూ, ఎవరి పిల్లలో ఎనిమిది మంది. ఫోను తీసుకుని రాజమండ్రి వాళ్ళకి నేనే చేశాను. బండి పని పూర్తి కాలేదని చెప్పి, పక్కవీధి వాళ్ళ జీపు మాట్లాడిపెట్టి, మూడు వేలూ తిరిగి పంపించేశాను. మావారు ఆ రాత్రి అన్నం తినలేదు. అరుగు మీద పడుకున్నారు. నేనూ బతిమాలలేదు. కోపం ఆయనకి నా మీద కాదు, చేతికొచ్చిన బేరం పోయినందుకని తెలుసు.

శనివారం పొద్దున్న మళ్ళీ విప్పారు. ఇక్కడ మేస్త్రీగారి చిట్కా ఒకటి చెప్పాలి. కొత్త బేరింగుని పినియన్ మీదికి ఎక్కించడం, దింపడం చాలా కష్టం, దింపేటప్పుడు పాడవుతుంది కూడా. ఆయన దగ్గర ఒక పాత బేరింగు ఉంది. లోపలి కన్నం కాస్త అరగదీసి వదులు చేసి ఉంచుకున్నారు. కొలతలు కుదిరేదాకా దాన్నే తొడిగి చూస్తారు. కుదిరాకే కొత్తది ఎక్కిస్తారు. మనం జాకెట్టుకి ముందు దూరం కుట్లు వేసి, ఒంటికి సరిపోయాక మిషను మీద కుట్టమూ? అదే పద్ధతి.

మొదటి రేకుకి మచ్చ కాస్త కిందకి జరిగింది. రెండోసారి బాగా కిందకి, పంటి మొదట్లోకి పోయింది. మూడోసారి రెండిటికీ మధ్య మందం వేశారు. చీకట్లు పడుతున్నాయి. టార్చిలైటు ఎవరో పట్టుకున్నారు, చూస్తే మావారు. ఎప్పుడొచ్చారో తెలీదు. మచ్చ పంటి నడుమ కోడిగుడ్డు ఆకారంలో పడింది. మేస్త్రీగారు వేలితో చూపించి, "ఇదమ్మా లెక్క" అన్నారు. అమ్మాయి మళ్ళీ సందు కొలిచింది. 17.

కొత్త బేరింగు ఎక్కించి, మళ్ళీ ఒకసారి కొలిచి, బోల్టులన్నీ టార్కు పానాతో బిగించారు. మూతకి కొత్త ప్యాకింగు వేసి, నైంటీ ఆయిల్ పక్క కన్నం అంచుకి వచ్చేదాకా పోశారు. బ్రీదర్ గొట్టం నేనే కిరసనాయిల్లో కడిగి, ఊది చూసి ఇచ్చాను.

ఆదివారం మేస్త్రీగారు చెప్పినట్టు నెమ్మదిగా పాతిక కిలోమీటర్లు తిప్పి, ఇంటికొచ్చి చల్లారబెట్టాం. నేను వెనక సీట్లోనే కూర్చున్నాను. మూలుగు లేదు. ఇన్నాళ్ళూ వినబడని సీటు కింద పానా గలగల వినబడింది. మొదటి ఐదు వందల కిలోమీటర్లు బరువు వెయ్యొద్దన్నారు కనక రెండు వారాలు ఘాట్ ఎక్కలేదు, ఊళ్ళో స్కూలు పిల్లల్నే తిప్పాం. ఎనిమిది వందల దగ్గర నూనె మార్చాం. డిసెంబరు రెండో వారం నుంచి లంబసింగి బేరాలు మొదలయ్యాయి. అప్పటికి సగం సీజను పోయింది, ఆ లోటు లోటే. అమ్మాయి ఫీజుకి నా గాజులు కొన్నాళ్ళు తాకట్టులో ఉన్నాయి, వేసవిలో విడిపించుకున్నాం.

ఖర్చు కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. క్రౌన్ పినియన్ సెట్టు 11,800, బేరింగులు నాలుగు 4,600, సీళ్ళూ షిమ్ములూ పేస్టూ 1,350, నూనె రెండు దఫాలకీ 1,650, మేస్త్రీగారికి 5,000. మొత్తం 24,400 రూపాయలు. ఆయన అంత పుచ్చుకోనన్నారు, బలవంతాన జేబులో పెట్టాం. సంక్రాంతికి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఆ గేజి ఉన్న చెక్కపెట్టె తెచ్చి మా అమ్మాయి ముందు పెట్టారు. "నాకు ముల్లు కనబడదు. నా దగ్గరుండి తుప్పు పట్టడం ఎందుకు?" అన్నారు. మా అత్తగారు లోపలికెళ్ళి కుంకుమభరిణె తెచ్చి పెట్టెకి బొట్టు పెట్టారు.

ఇంట్లో పాత జీపున్నవాళ్ళు ఈ నాలుగూ గుర్తుంచుకోండి. యాక్సిలరేటరు నొక్కినప్పుడు వెనక నుంచి మూలిగి, కాలు తీయగానే స్వరం మారితే క్రౌన్, పినియన్ పళ్ళని అనుమానించండి. నొక్కినా తీసినా ఒకేలా గుర్రుమంటే బేరింగు కావచ్చు. మలుపుల్లో మాత్రమే శబ్దమొస్తే లోపలి చిన్న స్టార్ పినియన్లని చూపించండి. బండి కదిలేటప్పుడు "టక్"మంటే ఎక్కడో సందు పెరిగిందని అర్థం. ఇరుసు మీద, చక్రాల లోపలివైపు నూనె చెమ్మ కనబడితే అశ్రద్ధ చెయ్యకండి. నీళ్ళలో దిగి వచ్చిన బండికి నూనె మజ్జిగలా తెల్లబడితే వెంటనే మార్పించండి. బ్రీదర్ గొట్టం మాత్రం మరిచిపోకండి.

చేసేవాళ్ళు ఎంత తొందరపెట్టినా, పంటి నడుమ మచ్చ చూపించాకే మూత బిగించమనండి. ఒకరోజు బేరం పోతే పోయింది, మర్నాడు ఇంకొకటి వస్తుంది.